మూడో రకం ఫోను

"ఏంటీ! మీకు వాట్సాప్ లేదా?"

సారిక ఆ మాట అన్న తీరు చూస్తే నాకు కిడ్నీ ఒకటి తక్కువని అప్పుడే బయటపడినట్టుంది. చర్చి క్వయర్‌లో ఉన్నవాళ్ళంతా తల తిప్పి నన్నే చూశారు.

"లేదండి. నా ఫోన్‌లో అది రాదు."

"అదేం ఫోనండీ బాబూ?"

చూపించాను. పైకి అన్ని ఫోన్లలాగే ఉంటుంది. లోపల మాత్రం లోకమంతా వాడే ఆ రెండు రకాలూ కావు. ఎవరెవరో జీతం లేకుండా, ఇష్టం కొద్దీ తయారుచేసిన మూడో రకం సిస్టమ్. నేనే ఎక్కించుకున్నాను. అందులో మెనూలకి తెలుగు కూడా సగం నేనే రాశాను. కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే నాకు అంతకంటే గొప్పలు చెప్పుకోడానికి వేరే ఏమీ లేవు.

"నా ఫోను నా మాట వినాలండి. నేనెక్కడికెళ్ళానో కంపెనీలకి చెప్పకూడదు."

"రాజమండ్రిలో మీరెక్కడికెళ్తారండీ? ఇల్లు, కాలేజీ, చర్చి. ఆ మాత్రం మా మామ్మ కూడా చెప్పేస్తుంది!"

అందరూ పగలబడి నవ్వారు. తప్పక నేనూ నవ్వాను.

మా లూథరన్ చర్చి క్వయర్‌కి ఒక పద్ధతుంది. మాస్టారు ఏసురాజు గారు పాట ఎంచుతారు. స్కూల్ టీచరైన సారిక శుక్రవారం దాన్ని పాడి గ్రూపులో పెడుతుంది. విని నేర్చుకుని అందరూ శనివారం ప్రాక్టీసుకి రావాలి.

"మరి ఈయనకెలా మాస్టారూ?"

"ఫోన్ చేసి పాడమ్మా. మగాళ్ళలో పై స్థాయి పాడే టెనర్ గొంతు మనకున్నది అదొక్కటే."

"సరిపోయింది!" అంది సారిక.

మొదటి శుక్రవారం రైలు తప్పిపోతుందన్నట్టు గబగబా పాడేసి ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత వానలు మొదలయ్యాయి. "రేకుల మీద వానండి, చరణం వినబడలేదు, మళ్ళీ పాడరూ," అనేవాణ్ణి. నిజానికి చక్కగానే వినబడేది. పాట అయ్యాక మాటలు మొదలయ్యేవి. "విజయ్ గారూ, గోదారికి ఎర్రనీరొచ్చింది, చూశారా?" అనేది. పాట చిన్నదైపోయి కబుర్లు పెద్దవైపోయాయి.

ఒక శనివారం సారిక గొంతు బొంగురుపోయింది. "ఈయనొక్కరి కోసం వారం వారం కచేరీ పెట్టాలి. నా వల్ల కాదు బాబోయ్!" అంది అందరిముందూ.

నాకు ప్రాణం చివుక్కుమంది. నా పంతానికి పాపం ఆ అమ్మాయి గొంతు పోగొట్టుకోవాలా? మర్నాడే అందరూ వాడే ఫోనొకటి కొనేశాను. గ్రూపులో చేరాను. ఏసురాజు గారు చప్పట్ల బొమ్మ పెట్టారు. సారిక ఏమీ పెట్టలేదు.

శుక్రవారం పాట గ్రూపులోకే వచ్చింది. ఎప్పట్లాగే అద్భుతంగా పాడింది. కానీ ముందు "విజయ్ గారూ" లేదు, చివర "భోంచేశారా" లేదు. అందరికీ వచ్చిందే నాకూ వచ్చింది. సారిక అంటే నాకెంత ఇష్టమో ఆ రాత్రి తెలిసొచ్చింది.

మర్నాడు ప్రాక్టీసులో సారిక నా వంక చూడనైనా లేదు. వెళ్ళిపోతూ, "కొత్త ఫోన్ బాగుందండి. నా గోల వదిలింది మీకు," అంది.

బయట జోరువాన. చర్చి వరండాలో గొడుగు పట్టుకుని ఒక పెద్దావిడ మనవరాలి కోసం నిలబడి ఉన్నారు. సారిక మామ్మ పాపాయమ్మ గారు.

"ఫోను అబ్బాయివి నువ్వేనా? నిన్న నీకు ఫోన్లో పాట లేదేంటి బాబూ? అది నీకు పాడుతుంటే పని ఆపుకుని వింటాం మేం. నిన్న ఇది అన్నం కూడా సరిగా తిన్లేదు."

"మామ్మా!" సారిక మొహం కందిపోయింది.

"మీ గొంతు పాడవుతోందని కొన్నానండి," అన్నాను.

"అందరిముందూ మరేమనాలండీ? ఆయనకి పాడటం నాకిష్టమని మైకులో చెప్పాలా?"

ఎలాగో ధైర్యం కూడదీసుకుని, "నాక్కూడా ఇష్టమండి. పాట కంటే మీరు ఎక్కువిష్టం," అనేశాను. పాపాయమ్మ గారు చటుక్కున వానవైపు తిరిగి నిలబడ్డారు.

సారిక బ్యాగులోంచి అద్దం పగిలిన పాత ఫోనొకటి తీసింది. "అడగాలో వద్దో తేల్చుకోలేక పొద్దుట్నించీ మోస్తున్నాను. దీన్లో మీ మూడో రకం వేస్తారా?"

"వేస్తే గ్రూపు రాదండి."

"గ్రూపుకి వేరే ఫోనుందిగా. ఇది మీకొక్కరికే."

"ఈ వాన ఇప్పట్లో తగ్గదు," అన్నారు పాపాయమ్మ గారు ఇటు తిరక్కుండానే. "ఇంటికొచ్చి వెయ్యి బాబూ. మా అబ్బాయి కూడా ఉన్నాడు, నిన్ను చూస్తానంటున్నాడు."

వాళ్ళింట్లో సారిక నాన్నగారు నా పక్కనే కూర్చుని, కాఫీ ఇప్పించి, ఉద్యోగం గురించీ సిస్టమ్ గురించీ అన్నీ అడిగారు. చివరికి, "తనకి నచ్చింది ఎంచుకుని దానిమీద నిలబడే మనిషి మంచోడేనమ్మా," అన్నారు పాపాయమ్మ గారితో.

ఫోను వెలిగింది. కాంటాక్టుల్లో 'పేరు చేర్చండి' అని తెలుగులో అడిగింది.

"ఈ తెలుగు మీదేనా?"

"నాదేనండి."

సారిక నవ్వుతూ ఏదో టైపు చేసి నావైపు తిప్పింది. 'విజయ్' అని ఉంది. పక్కన గారు లేదు.