ఎనభై దాటిన బండి

"సున్నివా, మనం వెతుకుతున్న మనిషి మీ స్టేషన్‌లోనే ఉంది."

డోవ్రె కొండ మీద చార్జింగ్ స్టేషన్‌లో వాఫల్స్ వేస్తున్న పెద్దావిడకి చెవిలో దాచిన ఇయర్‌ఫోన్‌లో వినబడిందీ మాట. తలకి ఉన్ని టోపీ, నడుముకి ఏప్రన్. చూసినవాళ్లెవరూ ఆవిణ్ణి నార్వే గూఢచారి శాఖలో ముప్పై ఏళ్లు నలిగిన మనిషనుకోరు. మాట్లాడింది పై అధికారి ఐవిన్.

"ఏ బండి?" అంది పెదవి కదపకుండా.

"తెలీదు. హ్యాండ్‌షేక్ జరుగుతుందే, బండీ చార్జరూ ఒకదాన్నొకటి గుర్తుపట్టేది, అప్పుడే వైరస్ ఎక్కించేశారు. ఒక్కో చార్జర్‌కీ పాకుతోంది. ఆ బండి వంద శాతం చేరితే దేశంలో ఫాస్ట్ చార్జర్లన్నీ చచ్చిపోతాయి."

"ఇప్పుడే తీగ పీకేస్తే?"

"మీ కొండ మీదవి పోతాయి. కరెంటు తెంపినా అంతే. విరుగుడు ఎక్కిస్తున్నాం. అందాకా ఆ చార్జింగ్ ఆగకూడదు, నిండకూడదు."

సున్నివా కిటికీలోంచి బయటికి చూసింది. ఈస్టర్ సెలవులు, మంచు తుఫాను, కొండంతా బండ్లు. వాటిలో ఒకదాంట్లో ఆమె కూతురు రాగ్న, ఆర్నెల్ల మనవడు. "అమ్మా, తొమ్మిది శాతమే ఉంది, నీ దగ్గరికే వస్తున్నా" అని ఇందాకే ఫోన్ చేసింది. ఇక్కడ చార్జర్ చస్తే ఆ బండిలో హీటర్ కూడా చస్తుంది.

తలుపు తోసుకుని గడ్డం నిండా మంచుతో ఒక ముసలాయన వచ్చాడు. క్యూలో నిలబడి విసిగిపోయిన తోర్గ్రిమ్.

"ఆ తెల్ల బండి ఎవరిదమ్మా? తొంభై ఎనిమిది చూపిస్తోంది! వెనకాల ఇంతమందిమి చలికి బిగుసుకుపోతున్నాం, సిగ్గుండక్కర్లా?"

సున్నివా చేతిలో గరిటె ఆగిపోయింది.

ఎనభై దాటాక చార్జింగ్ నత్త నడకని ఇక్కడ బడిపిల్లలకీ తెలుసు. వెనక క్యూ ఉంటే ఎనభై కాగానే కాఫీ సగంలో వదిలి పరిగెత్తుతారు. తొంభై ఎనిమిది దాకా కదలని మనిషి ఇక్కడ పెరిగినది కాదు.

కిటికీ పక్కన ఒకావిడ, తీరిగ్గా ఫోన్ చూసుకుంటోంది. నక్కతోలు కోటు, ఎర్రటి పెదాలు, చెంప మీద పుట్టుమచ్చ.

ఆనవాళ్లు చెప్పగానే ఐవిన్ ఉలిక్కిపడ్డాడు. "ఓడీల్! తను మనకి సమాచారం తెచ్చే మనిషే!"

"మన సమాచారం అవతలివాళ్లకీ మోస్తోందిలే."

ఈలోగా తోర్గ్రిమ్ ఓడీల్ చెయ్యి పట్టుకోనే పట్టుకున్నాడు. "నీదేనా? రా, పీకు ముందు!"

ఓడీల్ సున్నివా కళ్లలోకి చూసింది. దొరికిపోయానని అర్థమైపోయింది. "అలాగే తాతా, ఇప్పుడే ఆపేస్తా" అంటూ ఫోన్‌లో చార్జింగ్ ఆపే బటన్ మీద వేలు పెట్టబోయింది.

సున్నివా ఫోన్ లాక్కుని వాఫల్ పిండిలో ముంచేసింది. ఏప్రన్ నాడా లాగింది. చూడ్డానికే నాడా, లోపల ఉక్కు తీగ. రెండు చుట్లలో ఓడీల్ కుర్చీకి అతుక్కుపోయింది.

"ఒక్క బండికి ఇంత శిక్షా!" అన్నాడు తోర్గ్రిమ్ నోరు తెరిచి.

తాళాలు విప్పమని శాఖ ఇచ్చిన పెన్ను చలికి బ్యాటరీ చచ్చి పడుంది. సున్నివా ఓడీల్ జేబులోంచి బండి తాళం కార్డు తీసుకుని మంచులోకి ఉరికింది.

తెల్ల బండి చార్జర్ మీద తొంభై తొమ్మిది.

బండెక్కి కిటికీలన్నీ దించింది. హీటర్, సీట్ల వేడి, అద్దాల వేడి, ఏది దొరికితే అది పూర్తిగా పెట్టింది. చివర్లో చార్జర్ ఇచ్చేది బొట్టు బొట్టే. కొండ గాలిని వేడి చేయబోయి బండి ఆ బొట్టంతా మింగేసి, ఇంకా కావాలంది. అంకె కాసేపు ఊగిసలాడి తొంభై ఎనిమిదికి దిగింది. సున్నివా పళ్లు టకటకలాడుతున్నాయి, కళ్లు అంకె మీదే. మళ్లీ తొంభై తొమ్మిది. మళ్లీ దిగింది.

"విరుగుడు ఎక్కేసింది సున్నివా, ఇక పీకెయ్!" అన్నాడు ఐవిన్.

తలెత్తితే కిటికీ దగ్గర తోర్గ్రిమ్. "నువ్వూ ఇంతేనా? పైగా కిటికీలు తెరిచి హీటరా!"

చెబితే దేశ రహస్యం. "కాస్త కునుకు పట్టిందండీ" అంది సున్నివా తలొంచుకుని.

అప్పుడే రాగ్న బండి వచ్చి క్యూ చివర ఆగింది. "అమ్మా!" అంటూ సున్నివాకి చెయ్యూపింది రాగ్న. పసివాడి ఏడుపు విని తోర్గ్రిమ్ తన వంతు వదిలేశాడు.

"పెట్టుకో తల్లీ. ఎనభై కాగానే తీసెయ్. మీ అమ్మ బుద్ధులు మాత్రం నేర్చుకోకు."