ఎడమకు తిరిగే మెట్లు

పలమనేరులో మునిరత్నం మిద్దె కట్టించినప్పుడు జనానికి మిద్దె కనిపించలేదు, లోపలి మెట్లే కనిపించాయి. తిన్నని మెట్లు అందరికీ ఉంటాయన్నాడు. ఇనుప చుట్టుమెట్లు నీళ్ల ట్యాంకు ఎక్కడానికన్నాడు. విల్లులా వంగి, కింద వెడల్పుగా విచ్చుకునే సిమెంటు మెట్లే కావాలన్నాడు.

"ఎక్కేటప్పుడు కుడికి తిరగల్లన్నా, గుడిలో మాదిరి," అన్నాడు మేస్త్రీ దొరస్వామి.

"అట్లయితే తలుపు తీస్తే రోడ్డు మీద పోయేవాళ్లకి మెట్ల వీపే కదప్పా కనపడేది? ఎడమకే తిప్పు."

ఎడమకు తిరిగేది పీనుగు చుట్టూ అని గొణిగి, దొరస్వామి అట్లాగే కట్టేశాడు. ఆయన భక్తి అంతవరకే.

గృహప్రవేశం నాటి సాయంత్రం మేమంతా కింద హాల్లో కూర్చుని ఉండగా కరెంటు పోయింది. మునిరత్నం ఒక్కగానొక్క కూతురు పల్లవి, మేడ గదిలో పెట్టడానికి దీపం పట్టుకుని మెట్లెక్కింది. వెలుగు మలుపు తిరిగి మాయమైంది. కింద తడి సున్నం వాసన. వంకలు వెతకడానికొచ్చిన పక్కింటి శకుంతలమ్మ నోట్లో ఓళిగ ఉండడంతో ఇల్లు బతికిపోయింది.

పైన అడుగులు వినిపిస్తున్నాయి. ఎక్కుతూ... ఎక్కుతూ... శకుంతలమ్మ ఇంకో ఓళిగ ముగించింది. అడుగులు ఆగలేదు.

వాటి వెంట ఇంకో చప్పుడు. టప్... టప్...

"ట్యాంకు కారుతాండాదేమో," అన్నాడు మునిరత్నం నా పక్కనే కూర్చుని.

"ట్యాంకులో నీళ్లు యాడివి?" అంది ఆయన భార్య యశోదమ్మ మెల్లగా.

"నాయనా..." పల్లవి గొంతు. "నిలబడు నాయనా..."

ఎక్కడో పైనుంచి. ఆ మిద్దెకు అంత ఎత్తు లేదు.

మునిరత్నం కుర్చీ తోసేసి పరుగెత్తాడు. పల్లవి పైన లేదు. అట్టడుగు మెట్టు మీదే నిలబడి రొప్పుతోంది. చేతిలో దీపం ఆరిపోయింది.

"ఎంత పిలిచినా వెనక్కి తిరిగి సూడవేం నాయనా? భుజాన కుండ పెట్టుకొని అట్ల తిరగతానే ఉండావు..."

పీనుగు చుట్టూ చిల్లికుండ మోసేవాడు వెనక్కి చూడకూడదు. మోసేది తనవాళ్ల కోసమే. ఊళ్లో అందరినీ ఆటపట్టించే నేను ఆ పూట చేతిలో ఓళిగ పక్కన పెట్టేశాను.

యశోదమ్మ దేవుడి గదిలోంచి ఇంకో దీపం తెచ్చి పైకెత్తింది. మెట్లన్నీ పొడిగా ఉన్నాయి.

మునిరత్నం కొత్త చొక్కా ఎడమ భుజం మాత్రం తడిసి ముద్దయింది. ఇంకా కారుతోంది.