తొమ్మిదో పడవ వంతు

"రొట్టెకి వెజిమైట్ పూసిన కత్తి మళ్ళీ వెన్నలో ముంచావ్!"

"నేను కాదత్తయ్యా. కత్తి మీ చేతిలోనే ఉంది."

వంటింటి రేడియో వెనక మెకానిక్ వేషంలో వంగి ఉన్న ప్రభుత్వ ఏజెంట్ మెరిక్ వాచీ చూసుకున్నాడు. ఆరూ యాభై రెండు.

టాస్మేనియా దక్షిణ తీరంలో రోజూ సరిగ్గా ఏడింటికి ఈ ఇంటి కోడలు లోర్నా ఈ రేడియోలో పద్నాలుగు చేపల పడవలను వరసగా పిలుస్తుంది. ఒక్కోదానికి ఇరవై సెకన్లు. ఆ లోపు ఎక్కడున్నదీ చెప్పాలి. తొమ్మిదో వంతు 'ఆల్మా'ది. మూడేళ్ళ క్రితం ఆల్మా మునిగింది, లోర్నా భర్త క్లెమ్‌తో సహా. ఆ వంతును ఎవరూ కొట్టెయ్యలేదు. ఆ ఇరవై సెకన్లూ తీరమంతా నోరు విప్పదు.

నాలుగు నెలలుగా ఆ నిశ్శబ్దంలో రెండు చప్పుళ్ళు. టక్, టక్. అప్పుడు అత్త మేవిస్ రేడియో మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంటుంది. కోడలు ఊపిరి బిగబడుతుంది. ఆ సంగతి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

మెరిక్ లేచి గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టాడు.

"ఆ చప్పుడు శత్రువుల సంకేతమమ్మా. ఇవాళ అది వినగానే వాళ్ళ ఓడ ఒడ్డుకొస్తుంది. హాస్కెల్ అనే ఇంజనీరు మన టార్పెడో నక్షాలతో ఎక్కేస్తాడు. వినబడకపోతే ఓడ వెనక్కి పోతుంది. వాడు తిరిగి రావడానికి ఒకటే రోడ్డు, అక్కడ మావాళ్ళున్నారు. ఆ ఇరవై సెకన్లూ మీరు మాట్లాడాలి."

"అది మా ఆయన వంతు. అందులో ఎవరూ మాట్లాడరు."

"ఆ చప్పుడు ఎవరిదో నీకేం తెలుసయ్యా?" అంది మేవిస్.

మెరిక్ ఆ చప్పుడు వేళలు రాసిన కాగితం విప్పాడు. నూట పద్దెనిమిది రోజులు. ప్రతిరోజూ ఏడు గంటల రెండు నిమిషాల యాభై సెకన్లు. ఒక్క సెకను తేడా లేదు.

లోర్నా దాన్ని చాలాసేపు చూసింది.

"క్లెమ్ మా పెళ్ళికే నలభై నిమిషాలు లేటు," అంది మెల్లగా.

ఏడయింది. ఎనిమిదో పడవ జవాబు ముగిసింది. మేవిస్ చెయ్యి రేడియో మీదికి వెళ్ళింది. మెరిక్ వాచీలో సెకన్లు నలభై ఐదు. నలభై ఎనిమిది. లోర్నా వేలు కదల్లేదు. మెరిక్ మీట వైపు చెయ్యి చాచాడు.

లోర్నా మీట నొక్కింది.

"ఆల్మా, ఆల్మా. ఎక్కడున్నావ్? క్లెమ్, ఎక్కడున్నావ్?"

ఆ వంతు ముగిసేదాకా మీట వదల్లేదు. తర్వాత పదో పడవ తన వంతు వచ్చినా చాలాసేపు పలకలేదు.

పదకొండింటికి హాస్కెల్ రోడ్డు మీద దొరికాడు.

మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. లోర్నా మెరిక్‌కు బంగాళాదుంపలు వడ్డిస్తూ, "రేపట్నుంచి తొమ్మిదో వంతు మన ఊరి పెర్సీ కొత్త పడవకి ఇస్తున్నా," అంది.

మేవిస్ వెన్న గిన్నె కోడలి వైపు జరిపింది.

"ఇచ్చెయ్. వాడికి మాత్రం చెప్పు, కాస్త ఆలస్యంగా పలకమని."