పెళ్ళికొడుకు తూము దగ్గర కన్ను కొట్టిన కారు

ఆకివీడు దాటాక, కొల్లేటికోట వైపు చేపల చెరువుల మధ్యనుంచి పోయే మట్టిగట్టు మీద ఒక తూము ఉంది. దాన్ని పెళ్ళికొడుకు తూము అంటారు. పేరు వింటే బాజాలూ పూలదండలూ గుర్తొస్తాయి గానీ, పొద్దు వాలాక అక్కడ బండి ఆపే మగాడు ఆ చుట్టుపక్కల లేడు.

ఎప్పుడో ఒక పెళ్ళికొడుకు, ముహూర్తం దాటిపోతోందని, వానలో తనే కారు తోలుకుంటూ ఆ గట్టెక్కాడట. కారు జారింది. నీళ్ళల్లోకి పోయింది. తెల్లారి పైకి లాగితే కారు దొరికింది... తలుపులన్నీ వేసినవి వేసినట్టే ఉన్నాయి... లోపల పెళ్ళికొడుకు మాత్రం లేడు.

అప్పట్నుంచీ ఆ అబ్బాయి అక్కడే తిరుగుతున్నాడని చెప్పుకుంటారు. అందరి జోలికీ రాడట పాపం. పెళ్ళి కుదరబోయేవాడెవడైనా కారులో వచ్చి ఆగితే మాత్రం — మెల్లిగా ఆ కారులోకి దూరి కూర్చుంటాడట. తన పెళ్ళికి తీసుకెళ్ళమని.

ఇదంతా ఏలూరు అర్షద్‌కి తెలుసు. తెలిసే ఆపాడు. ఎందుకంటే కొరమేనులు దొరికేది ఆ గట్టు వెంటే, కొరమేను తేకపోతే జోయా దక్కదు.

అర్షద్ పవర్‌పేటలో దస్తగిరి గారి కొట్టులో కార్లకి సీటు కవర్లు కుడతాడు. దస్తగిరి గారు వాళ్ళమ్మకి దూరపు అన్న వరస. ఆయన కూతురు జోయా. ఆ పిల్ల కొట్టు వెనక గదిలో కూర్చుని రెక్సిన్ ముక్కలు కత్తిరించి ఇస్తుంటే, ఇవతల మిషను మీద అర్షద్ వాటిని కుడుతుండేవాడు. ఆమె కత్తెర ఆగితే ఇతని మిషను కూడా ఆగేది. ఇద్దరూ మాట్లాడుకున్నది తక్కువ. ఆ కత్తెర చప్పుడే అతనికి వెయ్యి మాటలు.

అర్షద్ వాళ్ళమ్మ వెళ్ళి పెళ్ళి మాట కదిపితే, దస్తగిరి గారు అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆదివారం రమ్మన్నాడు. వచ్చేటప్పుడు కొల్లేటి కొరమేను తెమ్మన్నాడు, బజార్లో కొన్నది కాదు, వాడు గాలం వేసి పట్టింది. బస్సులో తెస్తే చేప నలిగిపోతుందని, తను ఈమధ్యే కొన్న సెకండ్ హ్యాండ్ కారు తాళం కూడా చేతిలో పెట్టాడు. పెట్టి, చెయ్యి వదల్లేదు.

"ఇది తాళం కాదబ్బాయ్. లోపలంతా కంప్యూటరు. దీనికి జత లేదు, ఉన్నది ఇదొక్కటే. చుక్క నీరు లోపలికి పోయిందా... కారు బొమ్మైపోద్ది. తాళం పొడిగా తెస్తే పెళ్ళి మాట మాట్లాడుకుందాం. తడిపి తెచ్చావా, ఆ మాట ఇంక ఎత్తకు."

ఈ మాట వెనక గదిలోకి వినబడింది. సాయంత్రం అర్షద్ చెప్పులేసుకునే చోట ఒక చిన్న పొట్లం కనబడింది. అందులో సీటు రెక్సిన్‌తో కుట్టిన బుల్లి సంచి, మెడలో వేసుకోవడానికి తాడు, మూతికి జిప్పు కొట్టే ప్లాస్టిక్ కవర్లు రెండు. తాళాన్ని కవర్లో పెట్టి నొక్కి మూసి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, ఆ మొత్తాన్ని రెక్సిన్ సంచిలో వేసి మెడలో కట్టుకోమని జోయా తమ్ముడి చేత కబురు. ఫోను ఎక్కడ పెట్టుకుంటారో మీ ఇష్టం అని కూడా.

అర్షద్ ఆ తాడు మెడలో వేసుకుని ఆ రాత్రంతా తావీజు కట్టుకున్నవాడిలా పడుకున్నాడు.

*

శనివారం మధ్యాహ్నం కొల్లేటికోట నుంచి ఫణికిరణ్ వచ్చి గట్టు మీద కలిశాడు. వాళ్ళకి అక్కడ చేపల చెరువులున్నాయి, అర్షద్‌తో పాటు ఏలూరులో చదువుకున్నాడు. తూము పక్కనే నీడగా ఉందని కారు అక్కడే పెట్టించి, తన బండి తోసుకుంటూ గట్టు వెంట చాలా దూరం నడిపించాడు. గుర్రపుడెక్క పట్టిన మూల ఒకటి చూపించి, కొరమేను దాని కిందే పడుకుంటుంది, మొలలోతు దిగితే గానీ గాలం అందదు అన్నాడు.

దిగేముందు అర్షద్‌కి ఒక బెంగ పట్టుకుంది. తాళం మెడలో వేసుకుంటే మరి ఫోను ఎక్కడ పెట్టాలి... నీళ్ళల్లో ఉండగా జోయా ఫోను చేస్తే... ఆ పిల్ల అసలు చేస్తుందా అని కాదు, చేస్తే?

ఫణికిరణ్ నవ్వాడు. ఈ కొల్లేట్లో నీళ్ళల్లోకి దిగేవాళ్ళంతా ఇంటి తాళమైనా సరే, బండి తాళమైనా సరే చేపల గోనెసంచిలోనే వేస్తారట. గట్టు మీద పెడితే కాకి ఎత్తుకుపోవచ్చు, జేబులో పెడితే జారిపోవచ్చు. చేపలు మర్చిపోయి ఇంటికెళ్ళినవాడు మాత్రం ఇంతవరకూ లేడట.

అర్షద్‌కి ఆ మాట నచ్చింది. తాళాన్ని రెండు కవర్లలో పెట్టి, నొక్కి నొక్కి మూసి, గోనెసంచి అడుక్కి జారవిడిచాడు. రెక్సిన్ సంచిలో ఫోను పెట్టుకుని మెడలో వేసుకున్నాడు. గుండె మీద ఫోను తగులుతుంటే నీళ్ళు వెచ్చగా అనిపించాయి.

గాలానికి కప్పపిల్లని గుచ్చి ఫణికిరణ్ చూపించినట్టు డెక్క మీద ఎగరేస్తూ పోయాడు. సాయంత్రానికి రెండు కొరమేనులు పడ్డాయి, ఒక్కోటీ మోచేయంత. కొరమేను మొండి చేప. నీళ్ళు లేకపోయినా గోనె తడిగా ఉంటే చాలు, గంటలకొద్దీ బతుకుతుంది. సంచి తడిపి, చేపల్ని వేసి, మూతి బిగించి కట్టారు.

ఇంతలో చెరువులో చేపలకి గాలి అందించే మరలు వెయ్యాలని ఫణికిరణ్‌కి ఇంటినుంచి ఫోను. బండెక్కుతూ వాడు వెనక్కి తిరిగి చూశాడు.

"తూము దగ్గర ఎవరైనా పలకరిస్తే మర్యాదగా మాట్లాడరా. నాకైతే భయం లేదు, నాకింకా పిల్లని చూడలేదు."

వాడి బండి చప్పుడు దూరమైపోయింది.

*

అర్షద్ సంచి భుజాన వేసుకుని గట్టు వెంట నడిచాడు. పడమటి వైపు ఎర్రదనం కూడా ఆరిపోయింది. చెరువుల నీళ్ళు సిరా పోసినట్టు నల్లబడ్డాయి. ఏవో పిట్టలు ఒక్కసారి లేచి, అరవకుండానే వెళ్ళిపోయాయి...

పాపం ఆ పెళ్ళికొడుకు, అనుకున్నాడు. అక్కడెక్కడో పందిట్లో ఒక పిల్ల తల వంచుకుని ఎదురు చూస్తూనే ఉండి ఉంటుంది. ఆ పిల్ల మొహం ఊహించబోతే జోయా మొహమే వచ్చింది. కళ్ళు చెమర్చాయి. అందుకే ముందు సరిగ్గా కనబడలేదు.

తూము దగ్గర చీకట్లో కారు — కన్ను కొట్టింది.

అర్షద్ ఆగిపోయాడు.

ఏమీ లేదు. నల్లటి కారు, నల్లటి నీళ్ళు. మెరుపేమో అనుకుని ఇంకో అడుగు వేశాడు.

టక్...

తలుపుల తాళాలు వాటంతటవే కదిలాయి. నారింజ రంగు దీపాలు మళ్ళీ వెలిగి ఆరాయి. ఆ వెలుగులో కారు రెండు పక్కల అద్దాలూ... మెల్లిగా... నిద్రలేచిన కుందేలు చెవుల్లా విచ్చుకున్నాయి.

లోపల ఎవరో కూర్చున్నారు. కూర్చుని, అద్దం సరిచేసుకుంటున్నారు.

 వదిలేసి పోదామంటే అది దస్తగిరి గారి కారు. ఫణికిరణ్ చెప్పిన మర్యాద గుర్తొచ్చి, గుసగుసలాడాడు.

"ఏవండీ... పెళ్ళికొడుకు గారూ... మీరేనాండీ? అవునైతే ఒకసారి వెలిగించండి. కాదైతే రెండుసార్లు."

భయానికి భుజం వణికింది. భుజం మీది సంచి వణికింది.

కారు ఒక్కసారి వెలిగింది.

 నామీద కోపమాండీ అని అడిగాడు. రెండుసార్లు వెలిగింది. కాదన్నమాట. కొంచెం ధైర్యం వచ్చింది. మరి కారెక్కనా అని అడిగాడు.

రెండుసార్లు.

ఎక్కొద్దంటున్నాడు.

ఇంక ఎటూ పోలేడు. ఆ చీకట్లో, ఆ నీళ్ళ మధ్య, ప్రాణం పోయిన ఒక పెళ్ళికొడుకూ ప్రాణం పోతున్న ఒక పెళ్ళికొడుకూ ఎదురెదురుగా నిలబడ్డారు. అలాంటప్పుడు ఎవరైనా ప్రాణం గురించి అడుగుతారు. అర్షద్ మాత్రం ఇంకోటి అడిగాడు, ఎన్నాళ్ళుగానో మిషను చప్పుడులో దాచుకున్నది.

"ఆ అమ్మాయికి... నేనంటే ఇష్టమేనాండీ?"

చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత ఒక్కసారి... నిదానంగా... వెలిగింది.

దెయ్యమైనా ఎంత మంచివాడు అనుకున్నాడు అర్షద్. చీకటి చీకటిలా లేదు. గాలికి ఊగుతున్న తుంగ కూడా తలూపి అవునన్నట్టే ఉంది. ఆ ఊపులో చివరి ప్రశ్న కూడా అడిగేశాడు. మామూ ఒప్పుకుంటాడాండీ...

కారు వెలగలేదు.

సంచి బరువుకి భుజం లాగుతుంటే దాన్ని నేలమీద దించాడు. దించీ దించగానే — కారు వెనక డిక్కీ, ఏ చెయ్యీ తగలకుండా, కిర్రుమంటూ పైకి లేచింది. లోపల చిన్న దీపం వెలిగింది. ఖాళీగా ఉంది. ఒక మనిషి ముడుచుకుని పడుకునేంత ఖాళీ.

రా అన్నట్టు.

అప్పుడే అతని గుండె మీద ఏదో గిలగిలా కొట్టుకుంది. అర్షద్ కేక కూడా రాక తూము గోడకి అతుక్కుపోయాడు... అది మెడలోని ఫోను. జోయా.

చెవి దగ్గర పెట్టుకున్నాడు.  ఆ పిల్ల, ఎప్పుడూ అతన్ని ఏమనీ పిలవని పిల్ల, మెల్లిగా అంది.

"ఏవండీ... చీకటి పడింది. బయల్దేరారా?"

ఆ ఏవండీకి అర్షద్ దెయ్యాన్ని పూర్తిగా మర్చిపోయాడు. గుర్తొచ్చాక అంతా చెప్పాడు. కారు వెలగడం, అద్దాలు విచ్చుకోవడం, డిక్కీ లేవడం, పెళ్ళికొడుకుని ఏమేమి అడిగిందీ. ఒక్క ప్రశ్న మాత్రం మింగేశాడు.

జోయా అంతా విని, తాళం మెడలోనే ఉందా అని అడిగింది.

"లేదు. మెడలో ఫోనుంది. నువ్వు చేస్తావేమోనని..."

అవతల ఊపిరి ఒకటి ఆగి, మళ్ళీ మొదలైంది.

"మరి తాళం?"

"భద్రంగానే ఉంది. చేపల సంచిలో."

"చేపలు బతికున్నాయా?"

అర్షద్ సంచి వైపు చూశాడు. సంచి ఒక్కసారి ఎగిరిపడింది. కారు రెండుసార్లు వెలిగింది.

అతను మెల్లిగా వంగి, మూతి విప్పి, ఫోను వెలుగు లోపలికి వేశాడు. అడుగున పెద్ద కొరమేను, కవర్లోని తాళం మీటల మీద పొట్ట ఆనించి పడుకుని, దీర్ఘాలోచనలో ఉన్నట్టు ఇతని వంక చూసింది. చూసి, తోకతో ఫట్టున కొట్టింది. కారు దీపాలు మళ్ళీ వెలిగి ఆరాయి.

ఫోనులో జోయా నవ్వు ఆగలేదు. కొల్లేరంతా గాజులు ఒలికినట్టు అయింది.

పై కవరు చిరిగి, జిగురు నీళ్ళతో నిండిపోయి ఉంది. లోపలి కవరు మాత్రం గట్టిగా మూసుకునే ఉంది. తాళం పొడిగా ఉంది.

*

ఆదివారం పొద్దున దస్తగిరి గారింట్లో కొరమేను పులుసు వాసన వీధి చివరిదాకా కొడుతోంది. కారు వాకిట్లో ఉంది. తాళం బల్ల మీద ఉంది. బల్లకి ఇవతల అర్షద్, అతని అమ్మ. అవతల దస్తగిరి గారు, ఆయన భార్య హమీదా. తలుపు పక్కన పరదా కొంచెం కదులుతోంది.

దస్తగిరి గారు తాళం అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, మళ్ళీ బల్ల మీద పెట్టాడు. జోయా వాళ్ళమ్మకి చెప్పింది, వాళ్ళమ్మ ఆయనకి చెప్పింది. అన్నీ తెలిసిన మొహమే.

"సంచి కుట్టిచ్చిన మాట నిజమేనా?"

"నిజమేనండి."

"అందులో తాళం ఎందుకు పెట్టలేదు?"

అర్షద్‌కి అబద్ధం తట్టలేదు. తట్టినా పరదా అక్కడే ఉంది.

"ఫోను పెట్టుకున్నానండి. జోయా చేస్తే... తియ్యలేకపోతానేమోనని."

హమీదా పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. దస్తగిరి గారు నవ్వలేదు.

"నా కారు కంటే ఆ ఫోను ఎక్కువైందన్నమాట."

అర్షద్ తలెత్తలేదు. అయిపోయింది అనుకున్నాడు. మధ్యాహ్నం ఇంటికెళ్ళి ఏ గోడ వైపు తిరిగి పడుకోవాలో కూడా అనుకున్నాడు.

"చేపని ఏదో అడిగావంట. అన్నిటికీ జవాబు చెప్పిందా?"

"ఒక్కదానికి చెప్పలేదండి."

"ఏంటది?"

"మీరు... ఒప్పుకుంటారా అని అడిగానండి, మామూ."

 వంటింట్లో పులుసు ఉడుకుతోంది. తాళం బల్ల మధ్యలో ఉంది. దాని దగ్గర ఎవరి చెయ్యీ లేదు.

బయట వాకిట్లో, ఎర్రటి ఎండలో, కారు — ఒక్కసారి — వెలిగింది.

అర్షద్ అమ్మ బిగ్గరగా అల్లా పేరు తలుచుకుంది.  పరదా కూడా కదలడం మానేసింది. అందరూ తాళం వంకే చూస్తున్నారు.

దస్తగిరి గారు లాల్చీ జేబులోంచి మెల్లిగా చెయ్యి బయటికి తీశాడు. ఆ చేతిలో, అచ్చం బల్ల మీదున్నలాంటిదే, ఇంకో తాళం ఉంది.