అద్దం ముందు చింతగింజ

“మాయం!” అంటూ ఏంజెలిన్ బీరువా అద్దం ముందు ఎడమచెయ్యి విప్పింది. చింతగింజ నిజంగానే కనపడలేదు.

ఈ కనికట్టు క్రిస్మస్ సెలవుల్లో కిషోర్ మామ నేర్పించాడు. కుడిచేతిలోని గింజను ఎడమచేతిలో వేసినట్టు నటించాలి. గింజ మాత్రం కుడి అరచేతిలోనే దాక్కోవాలి. “రోజూ ఇరవైసార్లు చెయ్యాల. లేకుంటే చెయ్యి మర్చిపోద్ది,” అన్నాడు మామ. ఏంజెలిన్ మూడు రోజులు చేసి వదిలేసింది. ఇప్పుడేమో శుక్రవారం స్కూలు వార్షికోత్సవం. అందరి ముందూ చేస్తానని రేవతి టీచర్‌కి పేరు కూడా ఇచ్చేసింది.

“చూశావా, ఏమీ మర్చిపోలేదు!” అని అద్దంతో చెప్పి, తమ్ముడు హెబ్రోను దగ్గరికి పరిగెత్తింది.

వాడికి ఆరేళ్ళు. ఒక్కసారి చూశాడంతే. “కుడిచేతిలోనే ఉండాది గదక్కా!”

మళ్ళీ చేసింది. మళ్ళీ పట్టేశాడు. మూడోసారి గింజ జారి కిందే పడింది. ఏంజెలిన్‌కి ఏడుపొచ్చింది.

“అద్దంలో బాగానే వచ్చింది అవ్వా! వీడే దొంగచూపులు చూస్తా ఉండాడు.”

సామ్రాజ్యం అవ్వ వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. “ఏదీ, అద్దం ముందే చెయ్యి. నేను చూస్తా,” అని చేతులు తుడుచుకుంటూ లేచింది.

ఏంజెలిన్ చేసింది. అవ్వ నవ్వు ఆపుకోలేకపోయింది.

“గింజ దాచేటప్పుడు ప్రార్థన చేస్తా ఉండావా మే? రెండు కళ్ళూ మూసుకుంటా ఉండావే!”

ఈసారి కళ్ళు విప్పార్చుకుని చేసింది. అయ్యో! కుడిచేతి వేళ్ళ సందులోంచి గింజ తొంగి చూస్తోంది. ఇందాకటి నుంచి మోసపోయింది తనే. ఏంజెలిన్‌కి భలే సిగ్గేసింది.

“సందు యాడుందో తెలిసింది గదా. ఇంక మూసుకో,” అంది అవ్వ.

ఆ రోజు నుంచి అవ్వ చింతపండు ముందు కూర్చోగానే ఏంజెలిన్ అద్దం ముందు నిలబడేది. మొదట మెల్లగా, తర్వాత కొంచెం వేగంగా. రెప్ప వాలితే హెబ్రోను “ఆమెన్!” అని అరిచేవాడు. అది ఇరవైలో లెక్కకు రాదు.

శుక్రవారం వేదిక మీద గింజ మాయమైంది. రేవతి టీచర్ దగ్గరికొచ్చి, ఎడమచెయ్యి తిప్పి తిప్పి చూశారు. చప్పట్లే చప్పట్లు. ఏంజెలిన్‌కి ఎంత సంతోషమో!

శనివారం పొద్దున్నే మళ్ళీ అద్దం ముందుకొచ్చింది.

“షో అయిపోయింది గదక్కా!” అన్నాడు హెబ్రోను.

“ఉష్! గట్టిగా అనబాకు. చేతికి వినపడిందంటే మర్చిపోద్ది,” అంటూ ఏంజెలిన్ కళ్ళు పెద్దవి చేసుకుని గింజ అందుకుంది.