నీలి మొహం మీద పిండి

షఫీక్ మంచివాడే. ఆ మాట ఇంతిసార్ ఎవరి ముందైనా ఒప్పుకుంటుంది. కాకపోతే ఒప్పుకున్నాక ఇంకో గంటసేపు మాట్లాడుతుంది.

దారి తప్పితే వీధులే మార్చేశారంటాడు. కూరలో ఉప్పు తనే రెండోసారి వేసి, ఉప్పు కంపెనీ వాళ్ళని తిడతాడు. ఒక రంజాన్‌లో పొద్దుగుంకక ముందే ఖర్జూరం నోట్లో వేసుకుని, మసీదు గడియారం వెనకబడిందని వాదించాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో "పొరపాటు నాది" అన్న మాట ఆ నోట్లోంచి ఊడిపడగా ఆమె వినలేదు. వీటన్నిటితోనూ వేగవచ్చు గానీ, ఆ జేబుల కోటుతో మాత్రం వేగలేం. ఫోటోగ్రాఫర్ కోటు మీద టీ మరకలుంటే అర్థం ఉంది. రొట్టెల భట్టీలో పనిచేసేవాడిలా కుడి జేబు ప్రతి వారం తెల్లగా ఎందుకుంటుంది? అడిగితే "స్టూడియో అన్నాక దుమ్ముండదా?" అంటాడు. ఉతికేది ఆయన కాదు కదా.

ఆ రోజు కైరో మీద ఖమ్సీన్ ఎడారి గాలి విరుచుకుపడింది. ఆకాశం ఇటుకపొడి రంగుకి తిరిగింది. షుబ్రా పేటలోని మొగుడి స్టూడియోకి ఇంతిసార్ అన్నం కూరిన కూరగాయల మహ్షీ గిన్నె, తెల్లటి బల్లగుడ్డ పట్టుకుని వచ్చింది. వెంట అక్క బహీగా. దుమ్ము రాకుండా షఫీక్ మీట నొక్కి ఇనుప షట్టర్ కిందికి దించాడు. కాసేపటికి కరెంటు పోయింది. షట్టర్ కదలనని మొండికేసింది. కిటికీలంటారా? వెలుతురు తన మాట వినాలని షఫీక్ వాటిని ఎప్పుడో ఇటుకలతో పూడ్పించాడు. వీధిలోంచి వాచ్‌మన్ అరిచి చెప్పాడు, కరెంటు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలని.

బహీగా ప్రైవేటు డిటెక్టివ్. పెళ్ళికొడుకుల అసలు ఉద్యోగాలు, మాయమైన వాటాదారులు, పక్కింటివాళ్ళు కాదన్న గోడలు, ఇలాంటివన్నీ ఆమె తవ్వి తీస్తుంది. పొట్టి మనిషి, మందపాటి కళ్ళద్దాలు, ఒళ్ళో ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజల పొట్లం. ఇంతిసార్ ఆమెకు చెల్లెలు, వంటమనిషి, శిష్యురాలు. ఆఖరిదానికే గర్వపడుతుంది.

అక్కాచెల్లెళ్ళు వెనక వంటగదిలో గిన్నె మూత తీస్తుండగా ఒక అమ్మాయి గుమ్మంలో నిలబడింది. వేళ్ళ నిండా నీలిరంగు.

"ఆంటీ, బయటికి ఇంకో దారి ఉందా?"

"ఉండేదమ్మా. మా ఆయన దానికి అద్దం బిగించాడు."

ఆ అమ్మాయి నేల మీద కూలబడి ఏడ్చేసింది.

"ఏడుపు తరవాత. ముందు సంగతి చెప్పు," అంది బహీగా, గింజ కొరుకుతూ.

పేరు యుమ్నా. కాస్‌ప్లే వేషాలకి మొహాలు దిద్దుతుంది. బొమ్మల కథలోని నీలి మంత్రగత్తెగా లోజీన్ అనే అమ్మాయిని తెల్లవారకముందు నుంచీ తయారు చేసింది. నుదుటి మీద, ముక్కు మీద, గడ్డం మీద రబ్బరు పొలుసులు అతికించి, పైన ముదురు నీలం, అంచులకి వెండి మెరుపు. ఫోటోల పోటీకి ఇవాళ సాయంత్రం నమాజు పిలుపు లోపల పంపాలి.

"పొద్దున గొడుగు దీపాల కింద ఊరికే పరీక్షకి తీసిన ఫోటోల్లో మొహం అద్దంలా ఉంది, మేడమ్. తర్వాత కిరీటం, వల గౌను తొడిగాం. అప్పుడే కరెంటు పోయింది. ఉస్తాజ్ షఫీక్ కెమెరా నెత్తిన బ్యాటరీ ఫ్లాష్ పెట్టి తీశారు. చూస్తే మొహం మీద ఎవరో పిండి చల్లినట్టుంది!"

"ఇప్పుడేమంటున్నారు?"

"నేను చవక పౌడర్ వాడానంటున్నారు. పోటీవాళ్ళకి అదే రాస్తారట. స్టూడియో అలా రాస్తే నన్ను మళ్ళీ గడప తొక్కనివ్వరు. గెలిస్తే సినిమా మేకప్ శిక్షణలో సీటు దొరుకుతుంది. లేదంటే రేపట్నించి బాబాయి మందుల షాపులో కూర్చోవాలి. మా నాన్నకి మాటిచ్చాను." ఆమె మూసిన షట్టర్ వైపు చూసింది. "ఇక్కడా బందీనే, అక్కడా బందీనే."

ఇంతిసార్‌కి మొగుడి సంగతి తెలుసు. ఆయన రాస్తానన్నాడంటే రాస్తాడు. రాశాక ఆకాశం ఊడిపడినా మార్చడు.

"ఆ మనిషి నా మరిది," అంది బహీగా లేస్తూ. "అయినా నీ కేసు తీసుకుంటున్నాను. ఇంతిసార్, నా గింజలు పట్టుకో."

స్టూడియోలో ఉక్క పొయ్యి మీద మూతేసిన గిన్నెలా ఉంది. రెండు ఫోన్ల వెలుతురులో లోజీన్ ఎత్తు పీట మీద కూర్చుంది. కళ్ళలో పాలరంగు లెన్సులు. వాటిలోంచి ఆమెకి మనుషులు నీడల్లా కనిపిస్తారు. బహీగా ముందు కెమెరాలో ఫోటో చూసింది. నుదురు, ముక్కు దూలం, గడ్డం తెల్లగా వెలిగిపోతున్నాయి. బుగ్గలు, చెవులు, మెడ మాత్రం నీలంగానే ఉన్నాయి. తర్వాత ఫోన్ దీపం పక్కనుంచి పట్టుకుని అసలు మొహం చూసింది. ఎక్కడా తెలుపు లేదు.

"కంటికి లేనిది కెమెరాకి ఉంది. అదెలాగమ్మా?"

"ఒక రకం మెత్తటి పౌడర్ ఉంది, మేడమ్," అంది యుమ్నా. "వేస్తే కనబడదు. కానీ ఫ్లాష్ ఎదురుగా కొడితే ఆ వెలుతురు తిరిగి నేరుగా కెమెరాలోకే వస్తుంది, తెల్లగా. అందుకే నేనది ముట్టుకోను."

"నువ్వు వేసిన పౌడర్ ఎక్కడెక్కడ వేశావు?"

"మొహమంతా. మెడకీ, చెవులకీ కూడా."

బహీగా తల ఊపింది. ఇంతిసార్‌కి ఆ తల ఊపు తెలుసు. ఏదో ఒక తలుపు మూసుకుందన్నమాట, లేదా తెరుచుకుంది.

గౌను కుట్టిన మాయిసా చేతులు కట్టుకుని నిలబడింది. మేకప్ పని తన చెల్లెలికి ఇప్పించాలని చూసి భంగపడిన మనిషి.

"నా మీద అనుమానమా? కరెంటు పోయినప్పటి నుంచి ఫోటోలు అయ్యేదాకా కిరీటం జారకుండా వెనకనుంచి పట్టుకునే ఉన్నాను. రెండు చేతులతోనూ. కావాలంటే నడుం నొప్పి చూపిస్తా."

లోజీన్ తల్లి అఫాఫ్ మాత్రం అడగకముందే చేతిసంచి బోర్లించింది. "నేను షట్టర్ బాదుతూ వాచ్‌మన్‌ని పిలుస్తున్నా. నా పౌడర్ గులాబీ రంగు, చూసుకో. అయినా తెల్లవారకముందు నుంచీ పిల్లకి తిండి లేదు, ఈ పిండి గోలేంటి!"

"నిన్నెవరైనా ముట్టుకున్నారా, తల్లీ?" బహీగా లోజీన్‌ని అడిగింది.

"లేదు ఆంటీ. నా మొహం నాకు తెలియదా?"

ఆమె చెబుతుండగానే బహీగా ఒక గింజ తొక్క తీసి ఆమె ముక్కు మీది పొలుసుల మధ్య పెట్టింది. లోజీన్ ఆపకుండా, ఎవరూ దగ్గరికి కూడా రాలేదని, ఒట్టేసి చెబుతానని, తొక్క ముక్కు మీద పెట్టుకునే చెప్పింది. మాయిసా నవ్వు ఆపుకోవడానికి కిరీటం వెనక దాక్కుంది.

ఇక షఫీక్. కెమెరాని చంటిపిల్లలా గుండెకి హత్తుకుని కూర్చున్నాడు.

"వదినా, నీ విచారణలు నా దగ్గర వద్దు. మేకప్ పాడు. అంతే."

"కరెంటు పోయాక ఆ మొహం ఎవరైనా ముట్టుకున్నారా?"

"నా కెమెరా ముందు కూర్చున్న మనిషి దగ్గరికి ఈగని కూడా రానివ్వను. ముప్పై ఏళ్ళ అనుభవం. ఒట్టు."

"నువ్వు అబద్ధం చెప్పడం లేదని నాకు తెలుసు, మరిదీ. ఉన్న చిక్కల్లా అదే."

గాలి షట్టర్‌ని గుప్పిళ్ళతో బాదుతోంది. పోటీకి ఉన్న సమయం కరిగిపోతోంది. షఫీక్ ఫోన్‌లో ఫిర్యాదు సిద్ధంగా ఉంది, పంపడమే తరువాయి. యుమ్నా గోడకి ఆనుకుని దాన్నే చూస్తోంది, ఉరితాడుని చూసినట్టు.

"అందరూ ఇలా రండి," అంది బహీగా. "లోజీన్, దిగు. ఇంతిసార్, నువ్వెళ్ళి ఆ పీట మీద కూర్చో."

"నేనా? ఈ అవతారంలోనా?"

"వంటింటి చెమటతో నీ నుదురు మెరుస్తోంది. నాకు కావలసింది అదే. మరిదీ, నీ పెళ్ళాన్ని ఒక ఫోటో తియ్యి. ఇందాక ఎలా తీశావో అలాగే. ఆలోచించకు, తియ్యి."

షఫీక్ విసుక్కుంటూ లేచాడు. కెమెరా ఎత్తాడు, ఒక కన్ను మూశాడు, దించాడు. పెదవి విరిచాడు. రెండడుగులు ముందుకేసి "అలాగే ఉండు" అన్నాడు.

ఇంతిసార్ నుదుటి మీద ఏదో మెత్తగా అద్దుకుంది. తర్వాత ముక్కు మీద. తర్వాత గడ్డం మీద. కోడిపిల్ల నడిచినట్టు, మూడు అద్దకాలు. ఆమెకి ఒక్కసారిగా పెళ్ళినాటి పసుపుపచ్చ దీపాలు గుర్తొచ్చాయి. ఆ రోజు కూడా ఫోటో తీసేముందు ఆయన అచ్చం ఇలాగే.

మెరుపు మెరిసింది.

అందరి చూపూ షఫీక్ కుడిచేతి మీదే ఉంది. ఆ చేయి కోటు జేబులోకి దూరుతోంది. దాంట్లో ఒక చిన్న పౌడర్ పఫ్.

"అరే," అంది మాయిసా. "ఇందాక కూడా ఉస్తాజ్ ఇలాగే... నేను చూశాను! కానీ ఉస్తాజ్ కదా, ఫోటో తీయడంలో భాగమే అనుకున్నాను."

"ఆయనా అలాగే అనుకున్నాడు," అంది బహీగా. "ముప్పై ఏళ్ళుగా పెళ్ళికూతుళ్ళ చెమట అద్ది ఫోటో తీస్తున్న చేయి అది. కన్ను రెప్ప వేసినట్టు వేసుకుపోతుంది, మనసుకి చెప్పదు. అందుకే నిజాయితీగా ఒట్టేశాడు. ఏసీ చల్లదనం ఉన్నంతసేపూ చెమట లేదు, అద్దలేదు. పరీక్ష ఫోటోలు బాగున్నాయి. ఉక్కపోత మొదలయ్యాక అద్దాడు, పైగా ఫ్లాష్ ఎదురుగా కొట్టాడు. లోజీన్‌కి లెన్సులతో చూపు ఆనదు, రబ్బరు మీద స్పర్శ తెలియదు. ముక్కు తుడుచుకో తల్లీ, ఇంకా తొక్క ఉంది. యుమ్నా పౌడర్‌దే తప్పయితే మెడ కూడా తెల్లబడాలి. పెళ్ళికూతురికి ఎక్కడ చెమట పడుతుందో సరిగ్గా అక్కడే తెలుపు ఉంది. మిగతాది నా చెల్లెలు వారం వారం ఉతుకుతూనే ఉంది."

ఇంతిసార్ గతుక్కుమంది. ఆ జేబు!

"పెళ్ళిళ్ళలో ఒక్కరు కూడా ఫిర్యాదు చేయలేదే!" అన్నాడు షఫీక్.

"ఎందుకు చేస్తారు? పిల్ల తెల్లగా పడిందని అత్తగార్లు మురిసిపోయారు. ముదురు నీలం మీద అదే తెలుపు పిండిలా కనబడింది."

ఇంతిసార్ కెమెరాలో తన మొహం చూసుకుంది. నుదురు పున్నమి చంద్రుడిలా ఉంది. "నా పెళ్ళి ఫోటోల్లో అంత తెల్లగా ఎందుకున్నానా అని ఇన్నేళ్ళూ ఆశ్చర్యపోయాను," అంది. "భయంతో పాలిపోయాననుకున్నా."

అఫాఫ్ పకపకా నవ్వింది. షఫీక్ నవ్వలేదు. ఫ్లాష్ కొత్తదన్నాడు, బ్యాటరీ సరిగ్గా లేదన్నాడు, నీలంరంగే ఫోటోలకి అచ్చిరాదన్నాడు. యుమ్నా తడి స్పాంజితో లోజీన్ మొహం మీది మూడు చోట్లా అద్ది, పౌడర్ ఎత్తేసి, మళ్ళీ నీలం దిద్దింది.

"ఉస్తాజ్, ఫ్లాష్ ఎదురుగా వద్దు. దేనిమీదైనా తెల్లటిదాని మీద కొట్టండి. అక్కణ్ణుంచి పక్కగా పడితే పొలుసుల ఎత్తుపల్లాలు తెలుస్తాయి."

ఇంతిసార్ మహ్షీ గిన్నె కింది బల్లగుడ్డ లాగి, ఒక కొస మాయిసాకి, ఒక కొస అఫాఫ్‌కి ఇచ్చింది. "టమాటా మరక అటు వైపు తిప్పండి."

షఫీక్ చేయి మళ్ళీ జేబు దాకా వెళ్ళింది. ఇంతిసార్ ఆ చేతి మీద ఒక్కటి వేసింది. ఆయన ఫ్లాష్‌ని గుడ్డ వైపు తిప్పి మీట నొక్కాడు.

కెమెరా తెర మీద మంత్రగత్తె లేచింది. ఒక్కో పొలుసూ విడివిడిగా, వెండి అంచు మీద సన్నటి వెలుగు, లోతుల్లో సముద్రమంత నీలం. షఫీక్ చాలాసేపు చూశాడు. తర్వాత ఫోటోని యుమ్నా ఫోన్‌కి పంపాడు. ఆమె నమాజు పిలుపు వినపడకముందే దాన్ని పోటీకి చేరవేసింది.

ఉన్నట్టుండి గొడుగు దీపాలు వెలిగాయి. షట్టర్ మూలిగి, పైకి లేచింది. ఇటుకరంగు వెలుతురు, గుక్కెడు దుమ్ముగాలి లోపలికొచ్చాయి. అఫాఫ్ కూతుర్ని చేయి పట్టుకుని లాక్కుపోబోయింది. మాయిసా అప్పటికే గడప మీద ఉంది. యుమ్నా సామాను సర్దుకుంటోంది.

"ఆగండి," అన్నాడు షఫీక్.

అందరూ తిరిగారు. ఆయన ముందు ఫోన్‌లో ఫిర్యాదు చెరిపేశాడు. తర్వాత కోటు జేబు తిరగేసి, పఫ్ తీసి, బల్ల మీద పెట్టాడు. తెల్లటి పొడి గాల్లో లేచింది. ఇంతిసార్ తలగుడ్డ కొసతో తుడవబోయి ఆగింది. ఆయన పెళ్ళాం వైపు చూడలేదు, వదిన వైపు చూడలేదు. యుమ్నా వైపే చూశాడు.

"అమ్మాయ్, నీ మేకప్‌లో లోపం లేదు. అందరి ముందూ నిన్నన్నాను, కాబట్టి ఇది కూడా అందరి ముందే," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "పొరపాటు నాది."