పెద్దాయన లాగిన్

మధ్యాహ్నం తిన్న కంచం ఇంకా తీయలేదు. దాన్ని పక్కకు జరిపి, వంటింటి బల్ల మీదే లాప్‌టాప్ పెట్టుకుని, ఊరికి ఆ చివరనున్న కంపెనీ కంప్యూటర్లకు ఈ చివర నుంచి కాపలా కాస్తోంది ఆమె. బయట ముసురు. తడిగోడల వాసన. వరదొచ్చినా, పిడుగు పడినా అవి నడిపే లారీలు, చల్లటి గోదాములు ఆగకూడదు. జీతమిచ్చేది అందుకే.

అక్కడ మిషన్ల గదిలో ఉన్నది ఆమె తమ్ముడే, కంపెనీ ఎలక్ట్రీషియన్. నీళ్లు లోపలికొస్తే మెయిన్ స్విచ్ దించేయడం వాడి పని.

"అక్కా, పాదాలు మునిగాయి. దించేస్తున్నా," అన్నాడు ఫోన్లో.

"దించి బయటికి పోరా కోతీ. ఫోటోలు తీసుకుంటూ నిలబడకు."

అంతలో మేనేజరు లైన్లోకొచ్చాడు. "దించొద్దు! ఇంకాసేపు నడవనీ."

"మీరే వచ్చి నీళ్లల్లో నిలబడి నడపండి సార్," అందామె.

అప్పుడు తెర మీద బాణం గుర్తు కదిలింది. ఆమె చెయ్యి మౌస్ మీద లేదు.

తెర మూల ఇంకొకరి పేరు వెలిగింది. పెద్దాయన పేరు.

ఆ కంప్యూటర్లన్నిటినీ తన చేత్తో నిలబెట్టిన మనిషి ఆయన. కిందటి వరదలో అదే గదిలో చిక్కుకుని, వాటిని నడిపిస్తూనే చచ్చిపోయాడు. తలుపు పగలగొట్టేసరికి కీబోర్డు నిండా నెత్తురట. వేళ్ల కొసల్లో మాంసమే లేదట, ఎముకలు తప్ప. కంపెనీవాళ్లు సభ పెట్టి, కళ్లొత్తుకుని, టీలు తాగి పోయారు. లాగిన్ మాత్రం తీసేయలేదు. పనులన్నీ ఆయన పేరు మీదే నడుస్తున్నాయి, తీస్తే ఆగిపోతాయట! చచ్చినవాడి చేత కూడా చాకిరీ చేయించుకునే జాతి.

"సార్, పెద్దాయన లాగిన్ ఎవరు వాడుతున్నారు?"

"పాస్‌వర్డ్ ఎవరికీ తెలీదే..."

బాణం నింపాదిగా పాకింది. మిషన్ల గది తలుపు మూసే బటన్ దగ్గర ఆగింది. నొక్కింది.

ఫోన్లో మోటారు మూలిగింది. తెర మీద, ఆ గది కెమెరాలో తమ్ముడు గిరుక్కున తిరిగి, మూసుకుంటున్న ఇనుప తలుపు సందులో చెయ్యి పెట్టాడు.

చెరుకు విరిగినట్టు చప్పుడు.

తమ్ముడు కెవ్వున అరిచాడు. ఆమె తెరిచే బటన్ నొక్కింది. తలుపు జానెడు తెరుచుకుంది. బాణం మళ్లీ మూసింది. అదే చెయ్యి మీద. తెరిచింది. మూసింది. తెరిచింది... మూసింది. గోడ మీద నెత్తురు చిమ్మింది.

"చెయ్యి లాక్కోరా! లాక్కో!"

"రావట్లేదక్కా..." వాడి గొంతు గుసగుసగా మారింది. "అవతల నుంచి ఎవరో పట్టుకున్నారు... చల్లగా... ఎముకల్లా..."

నీళ్లు మోకాళ్లకు చేరాయి. కరెంటు పెట్టె నడుమెత్తులో ఉంది. స్విచ్ వాడికి అందనంత దూరంలో ఉంది. ఇంక మిగిలింది ఒక్కటే. ఆమె పెద్దాయన పేరు వెతికి పట్టుకుంది.

"అది తీయకు! అన్నీ ఆగిపోతాయి!" మేనేజరు అరిచాడు.

"ఆగనీ! నీ గోదాములు కుళ్లి పురుగులు పట్టనీ!"

తీసేసింది.

తలుపు భళ్లున తెరుచుకుంది. తమ్ముడు నీళ్లల్లో పడ్డాడు. లేచాడు. ఎడమచేత్తో మెయిన్ స్విచ్ దించాడు. కెమెరా నల్లబడింది.

బతికాడు. ఆస్పత్రి మంచం మీద, మణికట్టు దాకా కట్టుతో. తెగిన వేళ్లు దొరికితే అతికిస్తామన్నారు డాక్టర్లు. తలుపుకు అటూ ఇటూ జల్లెడ పట్టారు. ఒక్కటీ దొరకలేదు.

సాయంత్రం మేనేజరు ఫోన్ చేశాడు. సంబరపడిపోతున్నాడు.

"శభాష్ తల్లీ! కరెంటు లేకపోయినా ఒక్క లారీ ఆగలేదు. మిషన్ల గదిలో ఎవర్ని పెట్టావు? తాళం వేసున్నా కీబోర్డు చప్పుడు వినిపిస్తోంది. ఎంత వేగమో!"

ఆమె ఫోన్ కట్ చేసింది. మంచం మీద తమ్ముడు కళ్లు తెరిచి కట్టు వంకే చూస్తున్నాడు.

"అక్కా... లేని వేళ్లు తెలుస్తున్నాయి."

"నొప్పి అలా ఉంటుందన్నారు కదరా. పడుకో."

"నొప్పి కాదు." వాడు కట్టు కట్టిన చెయ్యి ఎత్తి చూపాడు. "వాటి కింద ఏవో తగులుతున్నాయి... చిన్న చిన్న మీటలు... జిగురుగా ఉన్నాయి. ఆగమంటున్నా... ఆగట్లేదక్కా."